సాపు ప్రతి

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఎవరూ గొంతు పెంచలేదు. ఇది గొప్పగా చెప్పుకోవడం కాదు. ఎవరో ఒకరు పెంచి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

మా ఆయన అటవీ శాఖలో ఆఫీసరు. మొక్కలు నాటించే ఆఫీసరు కాదు, దుంగలు లెక్కపెట్టే ఆఫీసరూ కాదు. జంతువుల్ని చంపేవాళ్లనీ, వాటి తోళ్లూ గోళ్లూ చాటుగా అమ్మేవాళ్లనీ పట్టుకుని కోర్టుకెక్కించడం ఆయన పని. ఇరవై నాలుగేళ్లు అదే చేశారు. చిలకల్ని చెప్పుల పెట్టెల్లో కుక్కి రైలెక్కించిన మనిషిని స్టేషన్లో పట్టుకున్నారు. సూట్‌కేసులో బట్టల మధ్య తాబేళ్లు సర్దుకున్న పెళ్లిబృందాన్ని పట్టుకున్నారు, సర్దింది పెళ్లికూతురేనట. ఒకసారి ఆఫీసుకి వరసగా సెలవులొస్తే, ఎవరి దగ్గరో దొరికిన గుడ్లగూబ మూడు రోజులు మా స్నానాలగదిలో తువ్వాళ్ల దండెం మీద కూర్చుంది. ఆ మూడు రోజులూ దాని అనుమతి తీసుకునే స్నానాలు చేశాం. బదిలీ చేయిస్తామని బెదిరించినవాళ్లున్నారు, చేయించినవాళ్లూ ఉన్నారు. ఆయన సామాన్లు సర్దమనేవారు, నేను సర్దేదాన్ని. ముక్కుసూటి మనిషి అని అందరూ ఆయన్ని మెచ్చుకునేవారు. ముక్కుసూటి మనిషితో కాపురం చేసేవాళ్లకి సామాన్లు కట్టడం బాగా వస్తుంది.

ఆయనకున్న లోపం ఒక్కటే, చేతిరాత. కోడి కెలికినట్టు రాస్తాడంటారు కదా, కోడి కెలికితే కనీసం అది ఎటు వెళ్లిందో తెలుస్తుంది. ఈయన రాతలో అదీ తెలియదు. మా పెళ్లయిన రెండో ఏడు, ఓ జడ్జిగారు ఆయన కాగితం తలకిందులుగా పట్టుకుని చూసి, దీన్ని చదవడానికి ఇంకో సాక్షిని పిలవాలా అని అడిగారట. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ముద్ద దిగక అలా కూర్చుంటే, జాలేసి, ఇలా ఇవ్వండి నేను రాస్తానన్నాను. నాది గుండ్రటి రాత. బళ్లో బోర్డు మీద మంచి మాటలు రాసే పని ఎప్పుడూ నాకే పడేది. జాలితో మొదలుపెట్టిన పని ఇరవై రెండేళ్లు సాగింది.

ఆ పని ఇది. దొంగసరుకు ఎక్కడ దొరికితే అక్కడే పంచనామా రాయాలి. ఏం దొరికింది, ఎవరి దగ్గర, ఎంత పొడుగు, ఎంత బరువు, ఎన్ని గంటలకి, ఇదంతా ఇద్దరు సాక్షుల ముందు రాసి వాళ్ల సంతకాలు తీసుకోవాలి. మా ఆయన అక్కడే, జీపు ముందు భాగం మీద కాగితం పెట్టుకుని, చిత్తు రాసేవారు. సాక్షుల చేత మాత్రం వేరే తెల్లకాగితం అడుగున సంతకాలు పెట్టించుకుని వచ్చేవారు. ఇంటికొచ్చాక అన్నాల బల్ల తుడిచి, ఆ సంతకాల పైన, చిత్తులో ఉన్నదంతా నేను సాపు చేసేదాన్ని. చివర ఆయన సంతకం పెట్టేవారు. రెండు కాగితాలుంటే ఎప్పటికైనా చిక్కని, చిత్తుని నేను నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసేదాన్ని. ఇది పద్ధతి కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. కానీ అందులో అబద్ధం ఒక్క ముక్క ఉండేది కాదు గనక, మాకు అది తప్పులా అనిపించలేదు. పద్ధతి తప్పడం వేరు, తప్పు చేయడం వేరు అనుకునేవాళ్లం. రెండొందలకి పైగా కాగితాలు అలా నా చేతిలోంచి వెళ్లాయి. నేనెప్పుడూ అడవిలో అడుగుపెట్టలేదు గానీ, అలుగు పెంకు ఎంత మందం ఉంటుందో, ఉడుము తోలు ఎలా చుడతారో అడిగితే నిద్రలో చెప్పగలను.

రెండేళ్ల కిందట, ముసురు పట్టిన వానాకాలంలో, ఆయన ఓ పెద్ద సోఫాల కొట్టు మీద సోదా చేశారు. కొత్తగా గుడ్డ కుట్టిన ముగ్గురు కూర్చునే సోఫాలో, స్పాంజి కింద, ఉప్పు పట్టించి మడతపెట్టిన చిరుత చర్మం దొరికింది. ఒలిచి రెండు రోజులైనా కాలేదు. చేత్తో పట్టుకుంటే జారిపోతోందని, ఆ వాసనకి డ్రైవరు పక్కకెళ్లి వాంతి చేసుకున్నాడని ఆయన చెప్పారు. పక్క కొట్టు టైలరు దగ్గర టేపు తీసుకుని ముక్కు నుంచి తోక చివరిదాకా కొలిస్తే ఏడడుగుల రెండంగుళాలు వచ్చింది. ఆ టైలరూ, ఎదురుగా తాళాలు బాగుచేసే ఆయనా సాక్షులు. సోఫాలాయన ఊళ్లో అందరికీ తెలిసిన మనిషి. పెద్ద పెద్దవాళ్లు కూర్చునేది ఆయన సోఫాల మీదే. మా ఆయన అన్నేళ్లలో ఎందరినో పట్టుకున్నా, అందరూ సరుకు మోసేవాళ్లే. మోయించేవాడు చేతికి చిక్కడం అదే మొదటిసారి. ఆ రోజు ఇంటికొచ్చి రెండుసార్లు కూర వేయించుకున్నారు.

ఆ కేసు విచారణకి వచ్చింది ఈ చెప్పే ఎండాకాలంలో.

సాక్షులిద్దరూ మొదటి వాయిదాలోనే అడ్డం తిరిగారు. సంతకం మాదే, కాగితంలో ఏముందో గుర్తులేదు అన్నారు. అది మామూలే, ఆయన కంగారుపడలేదు. రెండో వాయిదాలో సోఫాలాయన వకీలు చర్మాన్ని కోర్టులో కొలవమన్నాడు. ఆ వకీలు ఎప్పుడూ నవ్వుతూనే మాట్లాడతాడట. సీళ్లు విప్పి, బల్ల మీద పరిచి కొలిస్తే ఆరడుగుల తొమ్మిదంగుళాలు వచ్చింది. ఐదంగుళాలు తక్కువ. రెండేళ్లు బీరువాలో ఉండి చిక్కిపోయిందా, దానికి తిండి సరిగా పెట్టలేదా అని వకీలు అడిగితే కోర్టంతా నవ్వింది. ఇది వేరే చర్మం, అసలుదాన్ని ఆఫీసరే ఎవరికో అమ్ముకుని దీన్ని ఇక్కడ పెట్టాడు అన్నాడు. పరీక్షకి పంపిన ముక్క చిరుతదేనని కాగితం ఉంది. ఏ చిరుతది అన్నదే ఇప్పుడు గొడవ.

ఇదంతా మధ్యాహ్నం భోజనానికొచ్చి ఆయనే చెప్పారు. మొహంలో దిగులేం లేదు. పచ్చిగా ఉన్న చర్మం ఎండితే కుంచించుకుపోతుంది, అది తోళ్ల పని తెలిసిన ఎవరైనా చెబుతారు, నేను పంచనామాలో పచ్చి చర్మం అని స్పష్టంగా రాశాను కదా అన్నారు. స్పష్టంగా అన్న మాటకి మా అమ్మాయి కంచంలోంచి తలెత్తి నవ్వింది. తను అప్పుడే పదో తరగతి పరీక్షలు రాసి సెలవుల్లో ఉంది. ఆయన కూడా నవ్వారు. భోజనమయ్యాక సంచీలోంచి పంచనామా జిరాక్సు తీసి, కళ్లజోడు ఆఫీసులో మరిచిపోయానని నాకిచ్చారు.

"ఆ మాట ఉన్నచోటు చదువు," అన్నారు.

చదివాను. నా గుండ్రటి అక్షరాలే. 'ఉప్పు పట్టించిన మచ్చల చర్మం ఒకటి, పొడవు ఏడడుగుల రెండంగుళాలు' అని ఉంది. పైకి చదివాను. చదివాక ఇంకోసారి మనసులో చదువుకున్నాను.

ఆయన కాగితం నా చేతిలోంచి తీసుకుని, కళ్లకి దూరంగా పట్టుకుని చాలాసేపు చూశారు.

నాకు ఆ సాయంత్రం మొత్తం గుర్తొచ్చింది. ఆయన 'ప' ఎప్పుడూ 'మ'లాగే ఉంటుంది. పైన గుడి ఇచ్చారో లేదో ఆ చిత్తులో కనపడలేదు. చిరుత కదా, మచ్చలు కదా అనుకున్నాను. 'మచ్చ చర్మం' అంటే తెలుగు సరిగా లేదని 'ల' కూడా నేనే చేర్చాను. చేర్చి, బాగుందనుకున్నాను కూడా. చిరుత చర్మానికి మచ్చలుంటాయని కోర్టుకి చెప్పాల్సిన అవసరం ఏమిటని అప్పుడు నాకు తట్టలేదు.

"నేనే తప్పు చదివానండీ," అన్నాను.

"నా రాత అలాంటిది," అన్నారాయన. లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లారు. అప్పటికే ఒకసారి కడుక్కున్నారు.

అంతే. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా. ఇరవై రెండేళ్లు తిట్టడానికి కారణం దొరకని మనిషి, దొరికాక కూడా తిట్టలేదు. నేను పొయ్యి దగ్గర నిలబడి, ఇప్పుడొచ్చి అరుస్తారు, ఇప్పుడొచ్చి అరుస్తారు అని చూశాను. హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా తిమ్మిరెక్కినట్టు అయింది, ఆ తిమ్మిరి ఆ ఎండాకాలం అయ్యేదాకా దిగలేదు.

సర్కారు తరఫు వకీలమ్మ చిన్నది, ముప్ఫై దాటి ఉండవు. ఎప్పుడూ జలుబుతో ఉండేది. నన్నూ ఆయన్నీ తన గదికి పిలిపించి, తలుపు మూసి, విషయమంతా విని, ముక్కు తుడుచుకుని కాసేపు ఆలోచించింది. ఇంట్లో రాయడం పద్ధతి కాదు, దానికి ఆయనకి శాఖ నుంచి అక్షింతలు తప్పవు, మహా అయితే ఓ ఇంక్రిమెంటు పోతుంది అంది. కానీ కేసు బతకడానికి ఒక దారి ఉంది. చేతిరాత తన భార్యదని ఆయన కోర్టులో నిజం చెప్పాలి. ఆ తర్వాత నేను వెళ్లి, చిత్తులో పచ్చి అని ఉంది, నేను మచ్చల అని చదివాను అని చెప్పాలి. ఆ వెంటనే తోళ్ల సంగతి తెలిసిన మనిషి వచ్చి, పచ్చి చర్మం ఎండితే ఎంత తగ్గుతుందో చెబుతాడు. మూడూ వరసగా కుదిరితే జడ్జిగారు నమ్ముతారు.

"మిమ్మల్ని గట్టిగానే అడుగుతాడు, చెప్పగలరా?" అని అడిగింది.

చెప్పగలనన్నాను. మా ఆయన నావైపు చూశారు.

నిజం చెప్పాలంటే, ఆ మాట అన్నప్పుడు నాకు రెండు వారాల్లో మొదటిసారి ఊపిరి ఆడింది. ఇరవై రెండేళ్లు నేను రాసిన కాగితాలు కోర్టుల్లో చదివారు, పై కోర్టులకి వెళ్లాయి, వాటి మీద మనుషులు జైలుకి వెళ్లారు. ఆ రాత ఎవరిదని ఒక్కరూ అడగలేదు. ఆఫీసులో అందరూ ఆయన రాత బాగుపడిందనుకున్నారు. ఇప్పుడు అడిగారు. తప్పుకే అడిగినా, అది నాదని చెప్పే అవకాశం నాకొచ్చింది. చెబితే ఆయన మీద పడ్డ దొంగ అన్న మచ్చ పోతుంది, నాకు ఈ తిమ్మిరి వదులుతుంది అనుకున్నాను.

వాయిదాకి పది రోజులుంది. రోజూ పొద్దున్న ఆయన ఆఫీసుకెళ్లాక, మా అమ్మాయి వానకోటు తొడుక్కుని నవ్వే వకీలయ్యేది. కుర్చీని వెనక్కి తిప్పి, దాని వీపు పట్టుకుని నన్ను నిలబెట్టేది. మొదట్లో ఇద్దరికీ నవ్వాగేది కాదు. మీ వయసెంత అని అడిగితే నేను రెండేళ్లు తగ్గించి చెప్పానని, ప్రమాణం చేసి అబద్ధమాడిన మొదటి సాక్షివి నువ్వేనని ఏడిపించేది. నాలుగైదు రోజులకి తనకి ఒడుపు చిక్కింది.

"ఏం చదువుకున్నారు?" అని అడిగింది.

"డిగ్రీ."

"డిగ్రీ చదివినావిడకి 'ప'కీ 'మ'కీ తేడా తెలీదా?"

నేను కుర్చీ వీపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అది వెంటనే వానకోటు విప్పేసి, అమ్మా ఊరికే అడిగానే, వాడు అడుగుతాడని అడిగానే అంది. తెలుసు, మళ్లీ అడుగు అన్నాను. మళ్లీ అడిగించుకున్నాను. ఆ రోజు ఆ ప్రశ్న తొమ్మిదిసార్లు అడిగించుకుని, తొమ్మిదోసారి తడుముకోకుండా జవాబు చెప్పాను. తేడా తెలుసండీ, ఆ రోజు చూసుకోలేదు, తప్పు నాది. ఇంతే జవాబు. చిన్నదే గానీ నోరు తిరగడానికి ఓ వారం పట్టింది.

ఆయనకి ఈ సాధన సంగతి తెలుసు. ఓ రోజు తొందరగా వచ్చి గుమ్మంలో నిలబడి విన్నారు. అమ్మాయి రెచ్చిపోయి అడుగుతోంది, నేను చెబుతున్నాను. చెప్పులు విప్పకుండా అలాగే వెనక్కి తిరిగి, ఏదో మరిచిపోయానని మళ్లీ బయటికి వెళ్లారు.

వాయిదా రోజు ఇద్దరం బస్సులోనే వెళ్లాం. ఆయన యూనిఫారంలో ఉన్నారు, నేను ఇస్త్రీ బట్టల్లో ఉన్నాను. చెప్పాల్సిన మూడు ముక్కలూ నా నోట్లో సిద్ధంగా ఉన్నాయి. సాక్షిని గనక నేను లోపల కూర్చోకూడదట. వరండాలో కిటికీ పక్కనున్న బెంచీ మీద కూర్చోబెట్టి, పిలిచినప్పుడు రమ్మన్నారు. కిటికీ తలుపులు ఉక్కపోతకి బార్లా తెరిచి ఉన్నాయి. లోపల బోనులో నిలబడ్డ ఆయన పక్కనుంచి కనపడుతున్నారు. మాటలన్నీ వినపడుతున్నాయి.

నవ్వే వకీలు పంచనామా చేతికిచ్చి, ఈ రాత మీదేనా అని అడిగాడు.

"కాదు. మా ఆవిడది."

లోపల గుసగుసలు. వకీలు కూడా ఒక్క క్షణం నవ్వడం మానేశాడు. ఎక్కడ రాశారని అడిగాడు. మా ఇంట్లో, అన్నాల బల్ల మీద అన్నారు. జడ్జిగారు కళ్లజోడు తీసి ఆయన వైపు చూశారు. ఇక్కడిదాకా అంతా వకీలమ్మ చెప్పినట్టే జరిగింది. నేను బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాను.

అప్పుడు నవ్వే వకీలు తన నవ్వు మళ్లీ వెతుక్కున్నాడు. అంటే ఆవిడ కొట్టుకి రాలేదు, చర్మం చూడలేదు, సాక్షుల మొహాలు చూడలేదు, కానీ వాళ్ల సంతకాల పైన ఖాళీ కాగితం నింపింది, అంతేనా అన్నాడు. దీన్ని చట్టంలో ఏమంటారో ఆవిణ్ణే బోనులోకి పిలిచి అడుగుదామన్నాడు. తప్పు చదివానని చెప్పడానికి ఆవిడ వరండాలో తయారుగా ఉందని విన్నాను, మంచిదే అన్నాడు. ఇంకెన్ని తప్పు చదివిందో, ఇప్పటిదాకా రాసినవన్నీ తెప్పించి ఒక్కొక్కటీ ఆవిడ చేతే చదివిద్దాం, ఈ ఎండాకాలం మనకెవరికీ వేరే పనేం లేదుగా అన్నాడు. కొందరు నవ్వారు.

మా ఆయన తల తిప్పి కిటికీ వైపు చూశారు. నేను ఫర్వాలేదన్నట్టు తల ఊపాను. ఎలాగూ వస్తున్నాను కదా అన్నట్టు చేతిసంచీ భుజానికి వేసుకున్నాను.

"ఆవిణ్ణి పిలవక్కర్లేదు," అన్నారాయన. "చిత్తులో నేను మచ్చల అనే రాశాను. ఆవిడ ఉన్నదున్నట్టు దించింది."

వకీలమ్మ రాసుకుంటున్న కలం ఆపింది. జడ్జిగారు ఆ మాట మళ్లీ చెప్పమంటే ఆయన మళ్లీ చెప్పారు. రెండోసారి ఇంకా స్పష్టంగా చెప్పారు. పచ్చిగా ఉన్న సంగతి ఎందుకు రాయలేదని అడిగితే, మరిచిపోయానన్నారు. ఇరవై నాలుగేళ్లలో కోర్టులో ఆయన ఆడిన అబద్ధం అదొక్కటే. చాలా బాగా ఆడారు. తెలియనివాళ్లెవరైనా నమ్ముతారు.

ఆ తర్వాత నన్ను పిలవలేదు. వకీలమ్మ బయటికొచ్చి, మీరు ఇంటికెళ్లొచ్చమ్మా అంది. నేను లేచి నిలబడి, నేను చెబుతాను, లోపలికి రానివ్వండి అన్నాను. ఆ పిల్ల చుట్టూ చూసి, నన్ను స్తంభం వెనక్కి తీసుకెళ్లింది.

"ఇప్పుడు మీరు నిజం చెబితే, ఆయన ప్రమాణం చేసి అబద్ధమాడినట్టవుతుంది. అది ఇంక్రిమెంటుతో పోయేది కాదు, జైలు. ఇవాళే కాదమ్మా, ఎప్పుడు చెప్పినా అంతే," అంది.

తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. దిగాల్సిన చోటుకి రెండు స్టాపుల ముందు, ఎందుకలా చెప్పారని అడిగాను. కిటికీలోంచి బయటికి చూస్తూనే, నిన్ను బోనులో చూడలేకపోయాను అన్నారు. ఊళ్లోకి వచ్చిన చిరుతల్ని బోను పెట్టి పట్టడం కూడా ఆయన పనిలో భాగమే. చిక్కిన చిరుత ఊచలకేసి మొహం బాదుకుంటుందని, చుట్టూ జనం ఈలలేస్తారని, అది చూడలేక లారీ ఎక్కించేదాకా తను అటు తిరిగి నిలబడతానని ఎప్పుడో చెప్పారు. నేను చిరుతని కాదు. బోనులోకి నడుచుకుంటూ వెళ్లడానికి పది రోజులు కుర్చీ పట్టుకుని నేర్చుకున్నదాన్ని. ఆ మాటే అనాలనుకున్నాను. ఆయన భుజం బస్సు కుదుపుకి నా భుజానికి తగులుతోంది. అనలేదు. ఆయన కాపాడింది నన్నో, నేను రాసిన ఆ రెండొందల కేసుల్నో, అది కూడా అడగలేదు.

అమ్మాయి తలుపు తీసి, ఎలా చెప్పావమ్మా అని అడిగింది. పిలవలేదన్నాను. అది నా మొహం, వాళ్ల నాన్న మొహం చూసి, వంటగదిలోకి వెళ్లి అన్నం పెట్టింది. ఆ సెలవుల్లో అది వండడం మొదలుపెట్టింది అలాగే. వానకోటు తలుపు వెనక మేకుకి ఎప్పుడు తగిలించిందో నేను చూడలేదు.

మూడు వారాలకి తీర్పొచ్చింది. అనుమానం ఉంది గనక సోఫాలాయన్ని వదిలేశారు. ఆయన కోర్టు మెట్లు దిగుతూ మా ఆయనకి నమస్కారం పెట్టాడట. ఆ వారంలోనే మా ఆయన్ని సస్పెండ్ చేస్తూ కాగితం వచ్చింది. యూనిఫారాలు నేను ఉతికి, ఇస్త్రీ చేసి, పెట్టెలో పెట్టాను. ఎందుకు ఇస్త్రీ చేశానో తెలియదు. వాటాల పంపకం లాగా పొద్దుటి పనులు ఆయనవీ నావీ అని విడిపోయాయి. ఆయన మొక్కలకి నీళ్లు పోసేవారు, పేపరు చదివేవారు, మధ్యాహ్నం నిద్రపోకుండా పడుకునేవారు. చుట్టుపక్కలవాళ్లు పలకరిస్తే, అలసిపోయాను, కాస్త విశ్రాంతి అనేవారు. ఒకరోజు డ్రైవరు వచ్చి, ఆ చర్మాన్ని ఆఫీసు వెనక తగలబెట్టేశారు సార్ అని చెప్పి, నా చేతి టీ తాగి, కళ్లు తుడుచుకుని వెళ్లాడు. మేమిద్దరం తుడుచుకోలేదు. ఆయన లోపలికెళ్లి పడుకున్నారు, నేను గ్లాసు కడిగాను.

ఎండలు తగ్గుముఖం పట్టాక శాఖ విచారణ మొదలైంది. సంజాయిషీ రాసి పంపమన్నారు. సొంత చేతిరాతతోనే రాయాలని, దాని కింద గీత గీసి మరీ పంపారు.

ఆయన గీతల కాగితాలు కొనుక్కొచ్చారు. అన్నాల బల్ల మీదే కూర్చున్నారు. నేను నా పనులు వంటగదిలోకి మార్చుకున్నాను. మూడు రోజులు పొద్దున్న తొమ్మిదికి కూర్చుని, ఒంటిగంటకి లేచేవారు. ఒక్కో అక్షరం ఆగి ఆగి రాయడం గుమ్మంలోంచి కనపడేది. నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, అచ్చం ఒకటో తరగతి పిల్లాడిలా రాసేవారు. చెత్తబుట్టలో నలిపేసిన కాగితాలు పేరుకున్నాయి. వాటిని నేను విప్పి చూడలేదు.

మూడో రోజు నన్ను పిలిచి కాగితాలు చేతికిచ్చారు.

"తప్పులేమైనా ఉన్నాయేమో చూడు," అన్నారు.

నిలబడే చదివాను. రెండున్నర పేజీలు. ప్రతి అక్షరం విడివిడిగా, నిదానంగా, తలకట్టుతో సహా ఉంది. 'ప' 'ప'లా ఉంది. 'మ' 'మ'లా ఉంది. ఈ మనిషి ఇలా రాయగలిగి ఉండీ ఇరవై రెండేళ్లు రాయలేదన్నమాట. మొదటిసారి కోపమొచ్చింది. వచ్చిన కోపం ఎక్కడ పెట్టాలో తెలియక చదువుతూ పోయాను. రెండో పేజీ చివర, చిత్తులో మచ్చల చర్మం అని రాసింది తనేనని, పచ్చి అన్న మాట తను ఎక్కడా రాయలేదని, తన భార్యకి అందులో ఏ పొరపాటూ అంటదని, ఆవిడ ఇరవై రెండేళ్లలో ఒక్క అక్షరం కూడా తప్పు దించలేదని ఉంది.

అది చదివి కాగితం మీంచి తలెత్తితే, ఆయన నావైపే చూస్తున్నారు. పరీక్ష రాసి మార్కుల కోసం నిలబడ్డట్టు చూస్తున్నారు. వేళ్లకి సిరా అంటుకుని ఉంది.

కాగితాలు సరిచేసి ఆయన చేతికిచ్చాను.

"ఒక్క తప్పు కూడా లేదు," అన్నాను.